డోలీ చెయ్యనన్న అమ్మాయి

పోయిన వేసవిలో రిటైరయ్యాను. విశాఖలో ఒక డిజైన్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. గది ఖాళీ చేస్తున్న రోజున, నా స్థానంలో కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "మేడం, పాఠం చెప్పడం ఎలాగో తంటాలు పడి నేర్చుకుంటాను. మార్కులు వెయ్యడం ఎలా?" అని అడిగింది. నేను అట్టపెట్టెకి తాడు కడుతూ ఏదో జవాబు చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు గానీ అది మంచి జవాబు కాదు. ఆ అమ్మాయి కోసం, ఆమెలాగా ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

డిజైన్ అంటే ముగ్గులు, బొమ్మలు అనుకుంటారు మా బంధువులు. పెళ్ళిళ్ళలో నన్ను పక్కకి పిలిచి జాకెట్టు మెడ ఎంత లోతుండాలో అడుగుతారు. మేం నేర్పేది వస్తువులు. కుర్చీ, బస్సు మెట్టు, నీళ్ళ బిందె, ఆస్పత్రి మంచం. అది మనిషి చేతికి, నడుముకి, అలవాటుకి ఎలా ఆనుతుందో చూసి చెయ్యడం మా విద్య. ఇక ఉద్యోగం అంటారా, ముప్పాతిక వంతు బల్లకి ఇటువైపు కూర్చోవడమే. అటువైపు ఒక పిల్లో పిల్లాడో తన పని పెట్టుకుని నిలబడతారు. పది నిమిషాల్లో మనం ఏదో ఒకటి అనాలి. ఆ మాట వాళ్ళు చాలాకాలం మోస్తారు.

ప్రమోషన్ల గురించి, కమిటీల గురించి నేనేమీ రాయను. అవి ఎలాగూ మీకు వస్తాయి, పోతాయి. నేను కూర్చున్న కమిటీల పేర్లు నాకే గుర్తులేవు.

మూర్తిగారు

నేను చేరినప్పుడు మా విభాగానికి పెద్ద మూర్తిగారు. పొట్టి మనిషి, జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. నా మొదటి వారంలో ఒక కుర్రాడు చెక్క కుర్చీ చేసి తెచ్చాడు. నేను కొత్త ఉత్సాహంతో ఆ కుర్చీ కొలతల పొందిక గురించి, గీతల అందం గురించి అరగంట మాట్లాడాను. మూర్తిగారు వెనకనుంచి వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నారు. క్లాసు అయ్యేదాకా లేవలేదు. అందరూ వెళ్ళాక లేచి నడుం పట్టుకుని, "పట్టేసిందమ్మా. నువ్వు అంతసేపు మాట్లాడావు గానీ అందులో నడుం మాట రాలేదు," అన్నారు.

నన్ను తిట్టలేదు. ఇంకెవరికీ చెప్పలేదు. మరునాడు ఆ కుర్రాణ్ణి పిలిచి, వెన్నుపలక ఎక్కడ వంచాలో వాడితోనే చెప్పించారు. నాకు దొరికిన పెద్దలందరిలో ఈయనే మేలైనవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది తక్కువేం కాదు, కానీ సరైన వేళకి అది అక్కరకు రాలేదు. అదే ఇప్పుడు చెప్పబోయే సంగతి.

నా డోలీ

ఏటా మూడో సంవత్సరం పిల్లల్ని కొండలమీదకి తీసుకెళ్ళేవాళ్ళం. అరకు దాటి లోపలికి పోతే, అప్పట్లో జీపు కూడా వెళ్ళని ఊళ్ళు చాలా ఉండేవి. అలాంటి ఒక ఊళ్ళో నేను మొదటిసారి డోలీ చూశాను. పొడవాటి వెదురు బొంగుకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో నిండు గర్భిణిని కూర్చోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన ఎత్తుకుని దిగుతున్నారు. ఆమె రెండు చేతులతో బొంగు పట్టుకుని కళ్ళు మూసుకుంది. వాళ్ళు మమ్మల్ని దాటుకుని పోయేదాకా మా పిల్లలు దారి పక్కకి ఒదిగి నిలబడ్డారు.

కాలేజీకి తిరిగొచ్చాక నేను నిద్రపోలేదంటే అబద్ధం కాదు. నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆరు నెలలు పనిచేశాను. తేలికైన అల్యూమినియం గొట్టాలు రెండు, మధ్యలో గట్టి కాన్వాసు, వీపుకి ఆనిక, మోసేవాళ్ళకి స్కూలు సంచికి ఉన్నట్టు రెండు భుజాలకీ పట్టీలు. మా కాలేజీ మెట్లమీద, బీచి రోడ్డు వాలులో ఒకరినొకరు మోసుకుని పరీక్షించాం. బహుమతి వచ్చింది. పేపర్లో బొమ్మ పడింది. కాలేజీ వాళ్ళు దాన్ని గుమ్మంలోనే అద్దాల పెట్టెలో పెట్టారు. నా పేరు కింద రాశారు.

అప్పట్నుంచి ఏటా చివరి సెమిస్టర్ పిల్లల్లో ఎవరో ఒకరికి "డోలీని ఇంకా మెరుగుపరచండి" అనే పని ఇచ్చేదాన్ని. దాన్ని మేం బ్రీఫ్ అంటాం, అంటే విద్యార్థికి ఇచ్చే సమస్య. ఎనిమిదేళ్ళు ఇచ్చాను. ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా నిజంగా నొప్పులు పడుతున్న మనిషి అందులో కూర్చుందా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

రూతు

ఆరిక రూతుది గుమ్మలక్ష్మీపురం పైన కొండమీద చిన్న ఊరు. ఆ ఊళ్ళోంచి డిగ్రీ చదువుకి వచ్చిన మొదటి పిల్ల. క్లాసులో వెనక వరసలో కూర్చునేది. బొమ్మలు మామూలుగానే గీసేది గానీ కొలతలు తియ్యడంలో ఆమెకి సాటి లేదు. ఏ వస్తువు చూసినా ముందు దాని చుట్టూ తిరిగి, తర్వాత కూర్చుని, తర్వాత పడుకుని చూసేది. మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు.

చివరి సెమిస్టర్‌లో నేను ఆమెకి డోలీ ఇచ్చాను. కొండపిల్ల కదా, బాగా చేస్తుంది అనుకున్నాను. మరునాడు నా గదికి వచ్చింది.

"మేడం, నేను డోలీ చెయ్యను."

"ఎందుకు చెయ్యవు?"

"మా అప్పని డోలీలోనే దించారు మేడం. దార్లోనే కాన్పు అయిపోయింది. బిడ్డ బతకలేదు." అప్ప అంటే వాళ్ళ అక్క. రూతు గొంతు మామూలుగానే ఉంది. "డోలీ బాలేక కాదు. ఆలస్యంగా బయల్దేరాం. అందరూ నొప్పులు వచ్చాకే బయల్దేరతారు. ఎంత మంచి డోలీ అయినా అప్పటికే టైము అయిపోతుంది."

"మరి ఏం చేస్తావ్?"

కొండ దిగాక పెద్ద రోడ్డుమీద ఒక ఊళ్ళో గర్భిణుల కోసం వసతిగృహం ఉందని చెప్పింది. ఊరి పేరు ఇక్కడ రాయను. తొమ్మిదో నెల రాగానే ముందుగా వచ్చి అక్కడ ఉంటే, నొప్పులు రాగానే పక్కనే ఆస్పత్రి. కట్టి ఏళ్ళయింది. ఎవరూ రారు. వచ్చినా రెండు రోజులకే వెళ్ళిపోతారు. "ఎందుకు వెళ్ళిపోతున్నారో తెలుసుకుని, ఉండేట్టు చేస్తాను మేడం," అంది.

నాకు కోపం వస్తే మా ఊరి యాస వచ్చేస్తుంది. మాది బొబ్బిలి దగ్గర. "ఏటమ్మా నువ్వు మాట్లాడతన్నావు? అది సోషల్ వర్కు. డిజైన్ కాదు. బల్లమీద పెట్టడానికి వస్తువు ఏదీ?" అన్నాను.

రూతు తల దించుకోలేదు. "ఆలోచిస్తాను మేడం," అని వెళ్ళిపోయింది. ఆలోచించలేదు, తను అనుకున్నదే చేసింది.

జ్యూరీ రోజు

జ్యూరీ అంటే మా పరీక్ష. బయటి కంపెనీలనుంచి ఇద్దరు ముగ్గురు వస్తారు. విద్యార్థి తన పని ముందు పెట్టుకుని వాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పాలి. మార్గదర్శిగా ఉన్న టీచరు పక్కనే ఉంటారు. పిల్ల తడబడితే ఒక మాట సాయం చెయ్యడం టీచరు పని. చివర్లో మార్కు వేసేదీ ఆ టీచరే.

ఆ రోజు అందరి బల్లలమీదా మెరిసే నమూనాలు ఉన్నాయి. రూతు బల్లమీద ఒక చిన్న పీట, వసతిగృహం గదుల బొమ్మలు, ఒక నోటుపుస్తకం. అంతే.

ఆమె చెప్పింది. అక్కడికొచ్చి వెళ్ళిపోయిన ఆడవాళ్ళ ఇళ్ళకి కొండలెక్కి వెళ్ళి మాట్లాడింది. ఇనప మంచాలు మరీ ఎత్తు, నిండు కడుపుతో ఎక్కలేక చలి గచ్చుమీద పడుకుంటున్నారు. వంట చేసేవాళ్ళు అన్నం, సాంబారు పెడతారు, వీళ్ళు తాగే చోడి అంబలి, అంటే రాగి జావ, ఉండదు. కూడా వచ్చిన అత్తకో తల్లికో చాప వేసుకునే చోటు లేదు. పొయ్యి పెట్టుకోనివ్వరు. పెద్దపిల్లని ఇంటి దగ్గర వదిలేసి వచ్చిన తల్లికి ఎప్పుడూ మనసు అక్కడే. కిటికీలన్నీ రోడ్డువైపే, దారినపోయే ప్రతివాడూ లోపలికి చూస్తాడు. అక్కడ మాట్లాడే తెలుగు సగం మందికి అర్థం కాదు.

వీటికి ఆమె చేసినవి చిన్నవి. మంచం ఎత్తు ఆడవాళ్ళ మోకాలు కొలిచి దానికన్నా తక్కువకి గీసింది. వెనక వసారాలో పొయ్యి. గదిలో రెండో చాప పట్టేట్టు గోడ వారన ఖాళీ. పెద్దపిల్లలు తల్లితో ఉండేందుకు ఒక మూల. అక్కడి నర్సమ్మని ఒప్పించి ఒక్క గది ఇలా మార్చింది. ఆ గదిలో దిగిన ముగ్గురు కాన్పు అయ్యేదాకా ఉన్నారు.

హైదరాబాదునుంచి వచ్చిన జ్యూరీ పెద్దమనిషి ఒకాయన అంతా విని, "బాగుందమ్మా. ఇంతకీ నువ్వు ఏం తయారుచేశావు?" అని అడిగారు.

రూతు నావైపు చూసింది.

నేను మాట్లాడలేదు. కాగితాలు సర్దుకున్నాను. మార్కుల షీటులో "వస్తువు లేదు" అని రాసి ఫెయిలు మార్కు వేశాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. నా చేత్తో నేనే వేశాను.

ఆమె ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. హాస్టల్ గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళింది. మళ్ళీ చేరే తేదీ వచ్చింది, ఆమె రాలేదు. ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకుని మానేశాను. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా గీత గీశారు.

కొండ దిగడం

ఆ చలికాలం కొత్త పిల్లలు నలుగురితో మళ్ళీ కొండలకి వెళ్ళాను. ఈసారి డోలీని అద్దాల పెట్టెలోంచి తీయించి నిజంగా పరీక్షించాలని పట్టుదల. ఎందుకో నాకు తెలుసు, ఒప్పుకోలేదు గానీ. అరకువైపు మేం మొదట చూసిన ఊరికి అప్పటికి రోడ్డు పడింది. డోలీ అవసరం ఉన్న ఊరు కావాలని వెతుక్కుంటూ గుమ్మలక్ష్మీపురం పైకి వెళ్ళాను.

మేం ఊళ్ళో ఉండగానే, ఒక పొద్దున్న, మంచు ఇంకా విడలేదు, చిలకమ్మ అనే అమ్మాయికి నొప్పులు వచ్చాయి. తొలిచూలు. ఊరి పెద్ద సోమన్న నలుగురిని పోగుచేశాడు. నేను ముందుకెళ్ళి నా డోలీ చూపించాను. సోమన్న దాన్ని చేత్తో తట్టి, "తేలిగ్గానే ఉన్నాది. సరే, పట్టండ్రా," అన్నాడు.

మొదటి అరగంట బాగానే సాగింది. నేను వెనకాల నడుస్తూ ఫొటోలు కూడా తీశాను. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

వాలు మొదలయ్యాక తేడా తెలిసింది. వెదురు డోలీకి ఒక్కటే బొంగు. మనిషి దానికి వేలాడుతూ వాలులో కూడా తిన్నగా ఉంటుంది. నాది రెండు గొట్టాల మంచంలాంటిది, వాలుతోపాటు అదీ వాలుతుంది. చిలకమ్మ కాళ్ళవైపు జారిపోతోంది. వెదురు బొంగు అయితే మోసేవాడు నడుస్తూనే ఈ భుజంనుంచి ఆ భుజానికి మార్చుకుంటాడు, అలిసిపోతే పక్కవాడు వచ్చి భుజం పెట్టేస్తాడు. నా పట్టీలు రెండు భుజాలకీ బిగించి ఉన్నాయి. మనిషి మారాలంటే డోలీ దించాలి, బకిల్ విప్పాలి, ఇంకొకడికి బిగించాలి. మూడుసార్లు దించారు. నాలుగోసారి, బండకీ చెట్టుకీ మధ్య దారి ఇరుకుగా ఉన్నచోట, రెండు గొట్టాలూ పట్టక ఇరుక్కుపోయింది.

"మేడమ్‌గారూ, ఇది ఒగ్గీయండి. పాతదే కట్టీస్తాం," అన్నాడు సోమన్న.

"ఒక్క నిమిషం. పట్టీ వదులు చేస్తే పడుతుంది," అన్నాను నేను. నిజంగా అన్నాను. వంగి ఆ బకిల్‌తో కుస్తీ పడుతున్నాను.

అప్పుడు చిలకమ్మ అరిచింది. "అమ్మా, నానిందులో ఉండలేను. జారిపోతన్నాను. నన్ను దించీయండి."

ఎనిమిదేళ్ళలో ఆ డోలీ గురించి, దాన్ని వాడిన మనిషి చెప్పిన మొదటి మాట అది.

దించారు. ఆమె బండమీద కూర్చుని వాళ్ళ అత్త చెయ్యి పట్టుకుని పళ్ళు బిగబట్టింది. ఇద్దరు పక్కకి పరుగెత్తి వెదురు నరుక్కొచ్చారు. అత్త తను కప్పుకున్న దుప్పటి తీసి ఇచ్చింది. కట్టి మళ్ళీ బయల్దేరేసరికి గంట దాకా పోయింది. సోమన్న "బేగి, బేగి," అని మోసేవాళ్ళని తరుముతూ ముందు నడిచాడు. నా డోలీని మా పిల్లలు మోసుకొస్తున్నారు, దాని గొట్టాలు రాళ్ళకి తగిలి చప్పుడవుతోంది.

ఆ దారంతా నా బుర్రలో ఒకటే ఆలోచన. ఆ గంట నాది. ఈమెకి ఏమైనా అయితే అది నేను చేసిందే.

రోడ్డుమీద అంబులెన్సు ఉంది. ఎక్కించి పంపారు. మేం వెనకాల ఆటోలో వెళ్ళి ఆస్పత్రి మెట్లమీద కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. ఒక నర్సమ్మ తలుపు తీసి, "చిలకమ్మ తాలూకా ఎవరు?" అంది. అత్త లేచింది. "ఆడగుంట. ఇద్దరూ బాగున్నారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏటయ్యేదో తెలీదు గానీ, ఇప్పుడు భయం నేదు."

కూర్చున్నచోటే గోడకి తల ఆనించి ఏడ్చాను. మా పిల్లలు కంగారుపడి నీళ్ళు తెచ్చారు. ఆ ఏడుపు అంత హాయిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

సోమన్న వచ్చి రెండు మెట్ల కింద కూర్చుని చుట్ట తీశాడు. ఆస్పత్రి అని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "మీరు బాధపడకండి మేడమ్‌గారూ. మీరు మంచికే సేసినారు. కాకపోతే ఒక మాట. మంచి డోలీ ఇచ్చీసినాం, ఇంక ఈలకి రోడ్డెందుకు అనుకుంటారు పెద్దోళ్ళు. మాకదీ భయం." జేబులో చుట్టని తడుముకున్నాడు. "అసలు మొన్న మా కోడలికైతే డోలీ ఎత్తే పనే నేకపోనాది. పదిరోజుల ముందే నడిసి దిగొచ్చీసి ఇక్కడ కడుపుతోటోళ్ళ హాస్టల్లో కూకున్నాది. ఈ చిలకమ్మే, పొలం పనుందని రానంది. ఆ రూతు గుంట ఎంత సెప్పినా ఇన్లేదు."

"ఏ రూతు?" అన్నాను.

"ఆరికోరి గుంట. మీ విశాఖలోనే సదివింది. ఊరూరా తిరిగి సెప్తాది. పాపం, అక్కడెవరో ఫెయిలు సేసీనారట."

సోమన్నకి ఆ ఎవరో ఎదురుగా ఉన్నారని తెలియదు.

వసారాలో

వసతిగృహం ఆస్పత్రికి వెనక వీధిలోనే ఉంది. పిల్లల్ని మెట్లమీదే ఉండమని ఒక్కదాన్నే వెళ్ళాను. వెనక వసారాలో ఇద్దరు గర్భిణులు పొయ్యి దగ్గర కూర్చుని అంబలి కలుపుతున్నారు. రూతు ఒక ఇనప మంచాన్ని తిరగేసి, దాని కాలు ఇనుము కోసే రంపంతో కోస్తోంది. నన్ను చూసింది. రంపం ఆపలేదు.

"రండి మేడం. ఈ ఒక్క కాలు అయిపోతే వస్తాను."

నేను పీట లాక్కుని కూర్చున్నాను. కాలు తెగి గచ్చుమీద పడేదాకా ఎదురుచూశాను.

"రూతూ, నీ విషయంలో తప్పు చేశాను," అన్నాను.

"ఏ తప్పు మేడం?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఆమెకి నా నోటినుంచి వినాలని ఉంది.

"నీ పని అర్థం కాలేదని కాదు. అర్థమైంది. ఆ రోజే అర్థమైంది. నీది సరైనదైతే నా డోలీ వట్టిదని తేలిపోతుంది. అందుకే నోరు విప్పలేదు."

ఆమె కోసిన ముక్కని కాసేపు చేతిలో తిప్పింది. "నాకు అప్పుడే తెలుసు మేడం. మీ మొహంలో కనబడింది."

పొయ్యి దగ్గర ఆడవాళ్ళు మావైపు చూసి మళ్ళీ తిరిగిపోయారు. రూతే అడిగింది. "మార్కు మార్చడం అవుతుందా?"

"ప్రయత్నిస్తాను."

"ప్రయత్నం వద్దు మేడం. అవుతుందో కాదో కనుక్కుని చెప్పండి. మా అమ్మకి ఒకసారి ఫెయిలని చెప్పాను. రెండోసారి చెప్పలేను."

లేచేటప్పుడు ఆమె నాకు గ్లాసుడు అంబలి ఇచ్చింది. క్షమించిందని కాదు, పొద్దుట్నుంచి ఏమీ తినలేదని నా వాలకం చూసి ఇచ్చింది. రెండు గుక్కల్లో తాగేశాను.

దిద్దుబాటు

మూర్తిగారు అప్పటికి లేరు. కొత్త డైరెక్టరుగారు నా ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"మేడం, మీరు వేసిన మార్కు తప్పని మీరే రాస్తున్నారు. రేపు ఫెయిలైన ప్రతివాడూ ఇలాంటి అర్జీ పట్టుకొస్తాడు."

"రానివ్వండి సార్. ఎవరికైనా నేను ఇలాగే చేసి ఉంటే వాళ్ళకీ దిద్దాలి."

"మీ పేరు పోతుంది."

"పోనివ్వండి."

చాలా నెలలు పట్టింది. ఆ తంతు అంతా రాసి మిమ్మల్ని విసిగించను. చివరికి ఒప్పుకున్నారు. మళ్ళీ జ్యూరీ జరపాలి, అందులో నేను ఉండకూడదు. నేను ఒకటే అడిగాను, ఆ జ్యూరీ కాలేజీలో కాకుండా వసతిగృహంలోనే జరపాలని. అదీ ఒప్పుకున్నారు. రూతుకి ఫోన్ చేసి "అవుతుంది" అని చెప్పాను. "సరే మేడం. మంచాలు ఇంకా నాలుగు కొయ్యాలి, బేగి కోసేస్తాను," అంది.

ఆ రోజు నేను గది బయట కిటికీ దగ్గర నిలబడ్డాను. కొత్త కిటికీ, వెనక తోటవైపు తెరిచింది. ముగ్గురు పరీక్షకులు వచ్చారు. అందులో ఒకాయన బాగా పొడుగు, ఢిల్లీవైపు పెద్ద సంస్థలో చేసి వచ్చిన తెలుగాయన. రూతు చెబుతుంటే వింటూ ఒక మంచంమీద కూర్చున్నారు. చివర్లో ఆయనే అడిగారు, నాకు బాగా తెలిసిన ఆ ప్రశ్న.

"ఇంతకీ మీరు తయారుచేసిందేమిటి?"

"నొప్పులు రాకముందు పది రోజులు వీళ్ళు ఇక్కడ ఉండగలిగేట్టు చేశాను సార్. మంచం, పొయ్యి, కిటికీ అందుకే," అంది రూతు.

ఆయన తలాడించి లేవబోయారు. మంచం మరీ కిందకి ఉండటంతో మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు అయ్యాయి. ఒకసారి లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. "ఇది చాలా తక్కువ ఎత్తమ్మా," అన్నారు ఇబ్బందిగా నవ్వుతూ.

ఆ మంచంమీద పడుకునే మనిషి, తొమ్మిదో నెల కడుపుతో గోడకి ఆనుకుని నిలబడ్డ అమ్మాయి, నవ్వు ఆపుకుంది. "అది మీకు కాదు బాబూ. మాకు," అంది. వచ్చి పక్కన కూర్చుని, చేతులు ఆనించకుండానే లేచి చూపించింది.

ఆయన ఆమెనీ మంచాన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత ఎంతోసేపు ప్రశ్నలు అడిగారు. కొన్ని గట్టివే. పొయ్యి పొగ గదిలోకి రాకుండా చేసింది సరిపోలేదన్నారు. రూతు ఒప్పుకుంది. మార్కు గొప్పదేం కాదు, మామూలు ఫస్టు క్లాసు. నా సంతకం లేని ఆ కాగితాన్ని నేను ఎన్నిసార్లు చూసుకున్నానో. అన్నాళ్ళుగా గుండెమీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయినట్టు అనిపించింది. కాలేజీకి తిరిగొచ్చే బస్సులో బొబ్బిలి దాటేలోపే నిద్రపోయాను. విజయనగరంలో కండక్టరు లేపాడు.

కొత్తవాళ్ళకి

ఇక సూటిగా చెబుతాను.

బ్రీఫ్‌లో వస్తువు పేరు రాయకండి. "డోలీని మెరుగుపరచండి" అని రాసిన రోజునే నేను పిల్లల కళ్ళకి గంతలు కట్టాను. కష్టం ఏమిటో రాయండి. వస్తువు కావాలో వద్దో వాళ్ళు తేలుస్తారు.

మీరు చేసినదానికి పోటీ వచ్చే పనికి మీరు మార్కులు వెయ్యకండి. ఇంకొకరికి ఇచ్చెయ్యండి. మనసు తెలియకుండానే ఒరుగుతుంది. నాదైతే తెలిసే ఒరిగింది.

పిల్ల మీవైపు చూసినప్పుడు మాట్లాడండి. తప్పుగా మాట్లాడినా పర్వాలేదు, దిద్దుకోవచ్చు. ఊరుకోవడాన్ని దిద్దడం మాత్రం చాలా కష్టం.

అద్దాల పెట్టెలోంచి నా డోలీని తీసెయ్యమని అడిగాను. డైరెక్టరుగారు ఒప్పుకోలేదు, బహుమతి వచ్చిందన్నారు. అయితే కింద పలక మార్చనిచ్చారు. అది ఎక్కడ, ఎందుకు ఇరుక్కుపోయిందో, చిలకమ్మ ఏమందో ఆ పలకమీద రాశాను. ఇప్పుడు మొదటి సంవత్సరం పిల్లలు అక్కడ ఆగి చదువుతారు. బహుమతి పొందిన వస్తువుగా అది ఏమీ నేర్పలేదు, ఇప్పుడు నేర్పుతోంది.

ఇప్పుడు

సోమన్న ఊరికి రోడ్డు సగం పడింది. మిగతా సగం నడకే. నడిచి ముందుగా దిగొచ్చేవాళ్ళు ఎక్కువయ్యారని నర్సమ్మ అంటుంది. చిలకమ్మ రెండో కాన్పుకి తనే మూట కట్టుకుని వచ్చిందట, కూతుర్ని చంకనేసుకుని.

రూతు ఇప్పుడు ఇలాంటి వసతిగృహాలు ఇంకొన్ని సరిచేసే పనిలో ఉంది. కిందటి నెల చింతూరువైపునుంచి ఫోన్ చేసింది. "మేడం, ఖాళీయేనా? ఇక్కడ పాత బిల్డింగు ఒకటి కొలవాలి. రెండో మనిషి కావాలి."

ఖాళీయేనన్నాను. చేతిసంచిలో రెండు చీరలు పెట్టుకుని బస్సెక్కాను.

ఆ గదిలో రూతు టేపు ఒక కొస పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. రెండో కొస నా చేతిలో, నేను తలుపు దగ్గర. నిండు కడుపుతో ఉన్న ఒకామె గుమ్మంలో కూర్చుని మమ్మల్ని చూస్తోంది. నన్ను ఎగాదిగా చూసి రూతుని అడిగింది, "ఈ పెద్దావిడెవరు? కొత్తగా చేరిందా?"

రూతు నావైపు చూసింది. ఈసారి కళ్ళలో నవ్వుంది. "ఆఁ, కొత్తే. టేపు మాత్రం బాగా పట్టుకుంటారు," అంది. తర్వాత నాతో, "అంకె గట్టిగా చదవండి మేడం, ఇక్కడికి వినపడట్లేదు," అంది.

నేను వంగి, కళ్ళజోడు సవరించుకుని, గట్టిగా చదివాను.